డాబా మీద పిల్లలకి మబ్బులు చూపించి వాన వస్తుందో రాదో చెప్పించాలి, ఎలా మొదలెట్టను?

సీతమ్మధార_అమ్మ (మే 9, రాత్రి 9:40)
అందరికీ నమస్తే. సెలవులు కదా, సాయంత్రం అయ్యేసరికి మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఏడుగురు మా ఇంటి మీదే పడుతున్నారు. అందరూ అయిదు నుంచి ఎనిమిదేళ్ల లోపు వాళ్లే. టీవీ పెట్టకుండా డాబా మీదకి తోలుకెళ్తున్నాను. నిన్న ఏమైందంటే, రెండో తరగతికి వచ్చే మా పెద్దది ఆకాశం చూసి "అమ్మా, అది క్యుములస్" అని టకీమని చెప్పింది. స్కూల్లో మబ్బుల పేర్ల చార్టు ఉందట, సిర్రస్, స్ట్రాటస్ అన్నీ గడగడా అప్పజెప్పేస్తుంది. సరే తల్లీ, మరి వాన వస్తుందా రాదా అంటే నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. అరగంటలో కుండపోత. డాబా మీద మా అత్తగారు పెట్టిన గుమ్మడికాయ వడియాలు మొత్తం జావ అయిపోయాయి, ఆవిడ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

పేర్లు వల్లె వేయించడం కాకుండా, చూసి ఊహించి చెప్పేలా పిల్లలకి ఎలా నేర్పాలి? నిజం చెప్పాలంటే నాకూ రాదు.

ఐటీ_హిల్_వాసి (మే 9, రాత్రి 10:05)
ఫోన్లో యాప్ చూసుకుంటే పోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకండీ. వడియాలు కూడా మిగిలేవి.

సీతమ్మధార_అమ్మ (మే 9, రాత్రి 10:11)
చూశానండీ. "విశాఖపట్నం, పాక్షికంగా మేఘావృతం" అని ఉంది. పెందుర్తిలో కురిసి బీచ్ రోడ్డులో ఎండ కాసే ఊరు మనది, అందులో మా డాబా ఎటు వస్తుందో యాప్‌కి ఏం తెలుసు.

పాత_అబ్జర్వర్ (మే 10, ఉదయం 7:20)
అమ్మా, నేను వాతావరణ శాఖలో అబ్జర్వర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ చార్టు కొన్నాళ్లు గోడకే ఉండనివ్వండి. పేర్లు తప్పేం కాదు, డ్యూటీలో మేం రాసేదీ మబ్బులకున్న పది రకాల పేర్లే. కానీ ఒక్కసారి చూసి పేరు పెడితే ఏమీ తెలియదు. పావుగంట ఆగి అదే మబ్బుని మళ్లీ చూస్తేనే తెలుస్తుంది.

మొదట దిక్కు నేర్పండి. మే నెలలో మనకి సాయంత్రం వాన చాలామటుకు సముద్రం వైపు నుంచి రాదు, కొండల వైపు నుంచి వస్తుంది. పొద్దెక్కేకొద్దీ నేల కాగుతుంది, సముద్రం మీంచి తేమగాలి లోపలికి వీస్తుంది, అరకు, పాడేరు వైపు కొండలకి తగిలి పైకి లేస్తుంది. మధ్యాహ్నం రెండు, మూడింటికి అక్కడ మబ్బులు గోపురాల్లా లేస్తాయి. పై గాలి ఈ నెలలో పడమటి నుంచి తూర్పుకి ఉంటుంది కాబట్టి అవి సాయంత్రానికి మన మీదకి జరుగుతాయి. పిల్లల్ని డాబా మీద సింహాచలం కొండ వైపు తిప్పి నిలబెట్టండి. సముద్రం అందంగా ఉంటుంది, వాళ్లు అటే తిరుగుతారు, మీరు వదలకండి.

తర్వాత ఆకారం. దూది ఉండలాగ, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ ఉంటే ఊరికే వచ్చి పోయే మబ్బు. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువై, అంచులు కాలీఫ్లవర్‌లాగ గట్టిగా కనిపిస్తుంటే అది ఇంకా పెరుగుతోందని అర్థం. పైభాగం చెదిరిపోయినట్టై గొడుగులాగ పరుచుకుంటే మబ్బు ముదిరింది, పైన మంచు పలుకులు కట్టాయి, ఉరుములు ఖాయం. పుస్తకాల్లో దీన్ని దాకలి ఆకారం అంటారు, కమ్మరి కొలిమి చూసిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, గొడుగు అని చెప్తే చాలు. ఇలాంటి మబ్బు మన ప్రాంతంలో 15 కిలోమీటర్లు దాటి కూడా లేస్తుంది. మనం ఎక్కే విమానాలు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులోనే పోతాయి, పైలట్లు దాని పక్కనుంచి తప్పుకుని వెళ్తారు. పిల్లలకి ఈ ముక్క బాగా నచ్చుతుంది, మా మనవడి మీద ప్రయోగించి చూశాను.

బామ్మ_మనవరాలు (మే 10, ఉదయం 11:15)
మా బామ్మ చందమామ చుట్టూ వరదగుడి కట్టిందేమో చూడమనేది. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అని ఒక సామెత చెప్పేది. అంటే గుడి చందమామకి దూరంగా ఉంటే వాన దగ్గర్లో ఉందని. ఇందులో నిజం ఉందా సార్, లేక ఊరికే ప్రాసా?

పాత_అబ్జర్వర్ (మే 10, మధ్యాహ్నం 12:50)
మంచి ప్రశ్న అమ్మా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది మూఢనమ్మకం అని ఎగతాళి చేశాను, తర్వాత నోరు మూసుకోవలసి వచ్చింది. పల్చటి తెర లాంటి ఎత్తు మబ్బులో మంచు పలుకులు ఉంటాయి. వాటిలోంచి వెన్నెల వంగి వచ్చినప్పుడు పెద్ద ఉంగరం కడుతుంది. అది ఎప్పుడూ ఒకే కొలత, 22 డిగ్రీలు. చెయ్యి చాచి బొటనవేలు చందమామ మీద పెట్టి జానెడు చాపితే చిటికెన వేలు ఇంచుమించు ఉంగరం మీదకి వస్తుంది. పిల్లల చెయ్యి చిన్నది, కానీ దూరమూ చిన్నదే, వాళ్లకీ దాదాపు సరిపోతుంది. ఇంకొకటి చందమామని అంటుకున్నట్టు చిన్నగా, రంగు రంగులుగా కడుతుంది. అది కింద ఉండే నీటిబొట్ల మబ్బు వల్ల వచ్చేది. రెండూ వేరు. బామ్మగారి "దూరపు గుడి" ఆ పెద్ద ఉంగరమే అయి ఉంటుంది.

అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే దాని పైనుంచి చిమ్మిన పల్చటి మబ్బే మన ఆకాశంలోకి ముందు చేరుతుంది, అసలు వాన వెనకాల వస్తుంది. అప్పుడు సామెత బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు మేలో గుడి కడితే మాత్రం ఎక్కడో కురిసి పోయిన ఉరుముల మబ్బు తాలూకు మిగులు కూడా కావచ్చు, దాన్ని నమ్మి వడియాలు తియ్యక్కర్లేదు. సూర్యుడి చుట్టూ కట్టేదాన్ని మాత్రం పిల్లల చేత నేరుగా చూడనివ్వకండి, సూర్యుణ్ణి వాటర్ ట్యాంకు చాటు చేసి చూపించండి.

గాజువాక_నాన్న (మే 11, రాత్రి 8:30)
ఈ చర్చ చూసి మా వాడికి మొదలెట్టాను, మొదటి రోజే ఇరుక్కుపోయాను. వాన మబ్బు నల్లగా ఎందుకుంటుంది నాన్నా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వాడే చెప్పేశాడు, "పొగ గొట్టాల పొగ అంటుకుని". మా కిటికీలోంచి కనిపించేవి అవే మరి. ఆవిరే మబ్బు అవుతుంది, పొగ కాదు అని చెప్పాను. కరెక్టేనా?

పాడేరు_టీచర్ (మే 11, రాత్రి 9:55)
సగం కరెక్టు అన్నయ్యా. ఆవిరి కంటికి కనిపించదు, కనిపించేది ఏదైనా అప్పటికే నీటిబొట్లుగా మారిపోయినట్టే. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు తెల్లగా లేచేది మనం ఆవిరి అంటాం కానీ అది చిన్న మబ్బే. మా బడిలో పిల్లలకి ఇలాగే చెప్తాను. తర్వాత చల్లటి నీళ్ల సీసా బల్ల మీద పెట్టి, బయట పట్టిన చెమట ఎక్కడి నుంచి వచ్చింది, సీసాకి చిల్లు పడిందా అని అడుగుతాను. పది నిమిషాలు కొట్టుకుంటారు, సీసాని తిరగేసి చూస్తారు.

మీవాడి పొగ మాట పూర్తిగా కొట్టిపారేయకండి, ఎందుకంటే మబ్బు కట్టడానికి పొగో, దుమ్మో, సముద్రపు ఉప్పు రేణువులో కావాలి, నీరు వాటి మీదే పేరుకుంటుంది. గాజు సీసాలో కాస్త వేడినీళ్లు పోసి, మూతి మీద ఐసు ముక్కల పళ్లెం పెట్టండి, ఏదో మసకగా కనిపిస్తుంది అంతే. పళ్లెం ఎత్తి ఆర్పిన అగరుబత్తి పొగ కొంచెం లోపలికి వదిలి మళ్లీ మూసెయ్యండి, మబ్బు చిక్కగా తిరుగుతుంది. వేడినీళ్లు మీరే పొయ్యండి, వాళ్ల చేతికివ్వొద్దు.

నలుపు మాత్రం మురికి కాదు. మబ్బు మందంగా ఉంటే వెలుతురు కింది దాకా దిగదు. అదే మబ్బుని పై నుంచి చూస్తే తెల్లగా మెరుస్తుంది. మా దగ్గర వంజంగి కొండ ఎక్కి శీతాకాలంలో తెల్లారేసరికి చూడండి, కాళ్ల కింద పాలసముద్రంలా ఉంటుంది. ఆ సమయంలో కింద లోయలో ఉన్న మా పిల్లలకి అదే మబ్బు బూడిద రంగు పొగమంచు, బడికి వచ్చేటప్పుడు ముందు నడిచేవాడు కనిపించడు. పొగమంచు అంటే నేలకి దిగిన మబ్బే అని వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, రోజూ అందులోంచి నడిచి వస్తారు. మీ పట్నం పిల్లలకే చెప్పాలి.

గాజువాక_నాన్న (మే 11, రాత్రి 10:20)
ధన్యవాదాలు మేడమ్. మరి అంత నీళ్లు ఉంటే మబ్బు కింద పడిపోదేం అని ఇప్పుడు అడుగుతున్నాడు. వీడు పడుకోడు.

పాత_అబ్జర్వర్ (మే 12, ఉదయం 6:45)
బాబూ, ఒక కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు, ఎత్తు ఉన్న దూది మబ్బులో దగ్గర దగ్గర 500 టన్నుల నీళ్లుంటాయని లెక్క, ఓ వంద ఏనుగుల బరువు అనుకోండి. కానీ ఆ నీరంతా కంటికి ఆనని బొట్లుగా చెదిరి ఉంటుంది. ఒక్కో బొట్టు సెకనుకి సెంటీమీటరు చొప్పున దిగుతుంది, కింద నుంచి లేచే గాలి అంతకన్నా జోరుగా తోస్తుంది. ఇలాంటివి పది లక్షల దాకా కలిస్తే గాని ఒక్క వాన చినుకు కాదు. మీవాడికి ఏనుగుల దగ్గర ఆపేస్తే నిద్రపోతాడు.

జాలరిపేట_కుర్రోడు (మే 12, మధ్యాహ్నం 3:10)
ఇప్పుడు వేట నిషేధం కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డునే. వలలు బాగుచేసుకుంటూ నాన్న దగ్గర కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. ఆయన అన్నది రాస్తున్నాను.

మబ్బు ఒక్కటే చూస్తే సగమే తెలుస్తాది, గాలి కూడా చూడాలంట. సాయంత్రం దాకా సముద్రం మీంచి గాలి కొడుతూ ఉండి, ఉన్నట్టుండి ఆగిపోయి, ఉక్క పెరిగి, పడమట నల్లగా కనిపించిందంటే ఇక ఎక్కువ టైం లేదు. కాసేపటికి కొండల వైపు నుంచి చల్లటి గాలి ఒక్కసారి తోసుకొస్తాది, అది వచ్చాక లెక్క నిమిషాల్లోనే. ఈ ఈదురుగాలికే చిన్న పడవలు దెబ్బతింటాయి, వానకి కాదు. అక్కా, మీ పిల్లలకి ఆరేసిన చీర ఎటు ఎగురుతోందో చూడమనండి, అంతకన్నా మంచి పరికరం అక్కర్లేదు.

నాన్న యాప్ కూడా చూస్తాడు, ఎవరూ ఆయన్ని పాతకాలం మనిషి అనుకోకండి. వైర్‌లెస్, పోర్టులో ఎగరేసే హెచ్చరిక గుర్తు, తర్వాత కన్ను, మూడూ చూస్తాడు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి ఆ నంబర్లు, టీవీలో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటారే, అవే.

ఐటీ_హిల్_వాసి (మే 12, సాయంత్రం 5:30)
సరే ఒప్పుకుంటా, చీర ఐడియా బాగుంది. కానీ ఇంగ్లిష్ పిల్లల పుస్తకం ఒకటి కొన్నాను, అందులో ఈకల్లాంటి సిర్రస్ మబ్బులు కనిపిస్తే ఒక రోజులో వాతావరణం మారుతుందని ఉంది. రెండు రోజులుగా మధురవాడలో ఈకలే ఈకలు, ఎండ తప్ప ఏమీ లేదు. మీ శాస్త్రం ఫెయిల్.

పాత_అబ్జర్వర్ (మే 12, రాత్రి 7:15)
శాస్త్రం ఫెయిల్ కాలేదు సార్, పుస్తకం వేరే ఊరిది. ఈ సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ అనే పేర్లు 1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే ఆయన పెట్టినవి. వృత్తికి మందుల తయారీదారు, మబ్బులు ఆయన సరదా. పేర్లు ప్రపంచమంతా పనికొస్తాయి, కానీ "సిర్రస్ తర్వాత వాన" అన్నది వాళ్ల దేశంలో నిజం. అక్కడ వేడిగాలి, చలిగాలి పెద్ద పెద్ద పటాలాల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వస్తాయి, ముందు ఈకలు, తర్వాత తెర, తర్వాత దుప్పటి, తర్వాత వాన అని వరసగా. మనకి అలాంటి వరస లేదు. మన వానలు ఎండకి ఉడికి లేచే మబ్బులవో, నైరుతివో, అల్పపీడనాలవో. వచ్చే నెల నైరుతి దిగాక ఒక తమాషా చూడండి. కింది మబ్బులు పడమటి వైపు నుంచి వస్తుంటాయి, మధ్యలో సందు దొరికితే పైన ఈకలు తూర్పు నుంచి ఎదురు పోతుంటాయి. పిల్లలు అరుస్తారు, "రెండు ఆకాశాలున్నాయి" అని.

ఊరు వచ్చింది కాబట్టి ఒక మాట. మన డాబా గార్డెన్స్‌లో 1840లోనే గొడే వెంకట జగ్గారావు గారు సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే చూసి రాశారు. పిల్లలకి లండన్ పేరు చెప్పి ఆపెయ్యకుండా ఈ కథ కూడా చెప్పండి. బస్సులో ఆ దారిన పోతున్నప్పుడైతే ఇంకా బాగుంటుంది.

సీతమ్మధార_అమ్మ (మే 16, రాత్రి 9:00)
నాలుగు రోజుల రిపోర్టు. చాక్‌పీసుతో డాబా మీద దిక్కులు గీశాం. పడమర కొండలు, తూర్పు సముద్రం, దక్షిణం యారాడ కొండ, ఉత్తరం కైలాసగిరి వైపు అని మావాళ్లు సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. (కైలాసగిరి మీద వాన చినుకుల్ని పసిగట్టే రాడార్ ఉందని చెప్పాను, ఇప్పుడు రోజూ అటు తిరిగి చేతులూపుతున్నారు.) ఒక పాత అద్దం నేల మీద పెట్టి అందులో మబ్బు ఎటు జారుతోందో చూడమంటే బ్రహ్మాండంగా కుదిరింది, మెడ నొప్పి లేదు. ఎండ అద్దంలో పడకుండా నీడ వచ్చాకే పెడుతున్నాను.

నిన్న మాత్రం ఒళ్లు ఝల్లుమంది. పడమట గొడుగు మబ్బు లేచింది, లోపల మెరుపులు, పిల్లలు కేరింతలు, మేం అందరం పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాం.

బామ్మ_మనవరాలు (మే 16, రాత్రి 9:12)
డాబా మీదా?! ఏడుగురు పిల్లలతో? ఏంటండీ ఇది.

గాజువాక_నాన్న (మే 16, రాత్రి 9:20)
మేడమ్ ఏమీ అనుకోకండి, ఇది మాత్రం తప్పే. వాన మొదలవ్వకముందు కూడా పిడుగు పడుతుంది.

పాత_అబ్జర్వర్ (మే 16, రాత్రి 9:50)
అందరూ ఆవిడ మీద పడకండి, ఆవిడే చెప్పుకుంది. అమ్మా, దీన్నే ఆటలో కలిపెయ్యండి. మెరుపు కనిపించగానే ఒకటీ, రెండూ అని లెక్కపెట్టాలి. ఉరుము మూడు లెక్కకి వినపడితే కిలోమీటరు దూరం, ఆరుకి వినపడితే రెండు కిలోమీటర్లు. ముప్పై లోపు వినపడితే ఆట బందు, ఇంట్లోకి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా డాబా ఎక్కకూడదు. నా మటుకు నేనైతే చిన్నపిల్లలకి ఇంకా సులువుగా చెప్తాను, ఉరుము చెవిన పడిందంటే మెట్లు దిగాలి, లెక్క కిటికీలోంచి పెట్టుకోవచ్చు. దామిని అని పిడుగుల యాప్ ఉంది, పెద్దవాళ్లు ఫోన్లో పెట్టుకోండి. ఐటీ సార్ గారూ, ఈ విషయంలో నేను మీ పార్టీయే.

సీతమ్మధార_అమ్మ (మే 16, రాత్రి 10:05)
తప్పే, ఒప్పుకుంటున్నాను. రేపటి నుంచి ఉరుముకి మెట్లు.

పాడేరు_టీచర్ (మే 19, సాయంత్రం 6:40)
ఒక్క సలహా. ఊహ తప్పైనప్పుడు మీరు నవ్వొద్దు, మార్కులూ వెయ్యొద్దు. నోట్‌బుక్కులో పొద్దున్న మబ్బు బొమ్మ వేసి, పక్కన వాన అనుకుంటే గొడుగో, ఎండ అనుకుంటే సూర్యుడో పెట్టమనండి. సాయంత్రం నిజంగా ఏమైందో ఇంకో బొమ్మ. రెండూ పక్కపక్కన ఉంటే తేడా వాళ్లకే కనిపిస్తుంది. ఒక సంవత్సరం నేను స్టార్లు ఇచ్చాను. తప్పైనవి చెరిపేసి సాయంత్రం వచ్చి మళ్లీ గీసుకోవడం మొదలెట్టారు, నేనే నేర్పినట్టైంది ఆ దొంగతనం.

జాలరిపేట_కుర్రోడు (మే 19, రాత్రి 8:00)
అక్కా, వానాకాలం వచ్చాక ఇంకోటి చెయ్యండి. ముసురు పట్టినప్పుడు యారాడ కొండ, అదే డాల్ఫిన్స్ నోస్, నెత్తి కనిపిస్తోందా లేదా చూడమనండి. దాని ఎత్తు సుమారు 350 మీటర్లు. నెత్తి మబ్బులో మునిగిందంటే మబ్బు అడుగు అంతకన్నా కిందకి దిగినట్టు. అలా దిగిన రోజు వాన చాలామటుకు జోరుగా పడదు, అలాగని ఆగదు, సన్నగా రోజంతా పీకుతాది. బట్టలు ఫ్యాను కిందే.

సీతమ్మధార_అమ్మ (మే 29, రాత్రి 9:25)
చాలా రోజులైంది, క్షమించాలి. రోహిణి కార్తె ఎండలకి పిల్లల్ని నాలుగు దాటితే గాని పైకి పంపలేదు. ఈ లోపు మా అత్తగారు మళ్లీ వడియాలు పెట్టారు, ఈసారి కాపలా పిల్లలది అని షరతు పెట్టి మరీ.

మొన్న నాలుగున్నరకి అయిదేళ్ల చిన్నోడు ఒకడు పైనుంచి పరిగెత్తుకుంటూ వచ్చి "బామ్మా, గాలి ఆగిపోయింది, చీర ఊగట్లేదు" అన్నాడు. పైకెళ్లి చూస్తే సింహాచలం వైపు రెండు గోపురాలు, అంచులు గట్టిగా. మావాళ్లలో నలుగురు వాన అన్నారు, ముగ్గురు కాదన్నారు. మా పెద్దది అద్దం చూసి "ఉత్తరానికి జారుతోంది, భీమిలికి పోతుంది మనకి రాదు" అంది. ఓటింగులో ఓడిపోయింది. చాపలతో సహా వడియాలన్నీ మెట్ల గదిలోకి చేర్చాం.

ఒక్క చినుకు పడలేదు. రాత్రి ఫోన్ చేస్తే భీమిలిలో ఉండే మా ఆడపడుచు "ఇక్కడ వీధులు ఏరులయ్యాయి వదినా" అంది. మా పెద్దది అప్పటి నుంచి నేల మీద నడవటం లేదు. మా అత్తగారు మాత్రం "సగం ఎండిన వడియాలు నీడలో పెట్టించి బూజు పట్టించారు" అంటున్నారు, వాసన చూస్తే ఆవిడ చెప్పింది నిజమే. పాత అబ్జర్వర్ గారూ, బూజు మబ్బు ఏ రకం కిందకి వస్తుందో చెప్పండి.

పాత_అబ్జర్వర్ (మే 30, ఉదయం 6:30)
అది మా శాఖ కాదమ్మా. మీ అమ్మాయి నోట్‌బుక్కులో ఆ రోజు పేజీ మాత్రం ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చూడాలని ఉంది.